జున్ను పోసిన రాయి

చేతులతో చేయించి నేర్పాలని ఉత్తర్వు వచ్చేటప్పటికి నా కుడిచెయ్యి పుత్తూరు కట్టులో ఉంది. బాత్రూములో జారిపడి ముంజేతి ఎముక విరగ్గొట్టుకున్నాను. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురుబద్దలు, వాటి మీద చుట్లు చుట్లుగా గుడ్డ. ఆ బరువును మెడకు తగిలించుకొని రోజూ పుత్తూరులో బస్సెక్కి, కార్వేటినగరం దారిలో ఉన్న మా బడికి వెళ్లేదాన్ని. కట్టు వాసనకు పక్కన కూర్చున్నవాళ్లు మెల్లగా లేచి వేరే సీటు చూసుకునేవారు. ఆ రోజుల్లో నాకు దక్కిన సుఖం అదొక్కటే.

నేను సోషల్ టీచర్ని. రిటైర్మెంటు దగ్గరపడింది. చెప్పిన పాఠమే చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయింది. ఇప్పుడు పాఠం చెప్పినట్టు ఫొటో కూడా తీసి పంపాలి. ఈ ఉత్తర్వు ఫోనులోనే వచ్చింది. పిల్లలకు యుద్ధాల చరిత్ర, ప్రాణాలిచ్చిన సైనికుల్ని గుర్తుపెట్టుకోవడం నేర్పాలట. నోటితో కాదు, వాళ్లచేత ఏదో ఒకటి తయారు చేయించి నేర్పాలట. పంద్రాగస్టుకు దాన్ని బడిలో అందరికీ చూపించాలట. గోరుచుట్టు మీద రోకటిపోటు. జడ వేసుకోవడానికే పక్కింటావిడ సాయం అడుగుతున్నదాన్ని, నేనేం చేయించగలను?

"కానిద్దాం మేడం," అన్నాడు మా హెడ్మాస్టరు. ఆయన దేనికైనా కానిద్దాం అంటాడు. కానిచ్చేది మాత్రం మేము.

మొదట అందరూ చేయించేదే చేయించాను. అట్టలు, జిగురు, కత్తెరలు ఇచ్చి తొమ్మిదో తరగతిని వరండాలో కూర్చోబెట్టాను. వాళ్లు కాసేపట్లో తుపాకులు తయారుచేశారు. మరి కాసేపట్లో వాటితో ఒకరినొకరు కాల్చుకుని చచ్చారు. లేచి మళ్లీ కాల్చుకుని మళ్లీ చచ్చారు. చావడం ఇంత సులువని నేర్పడానికా నేను ఈ చెయ్యేసుకుని ఇంతదూరం వచ్చేది అనిపించి ఒళ్లు మండింది. తుపాకులన్నీ లాక్కుని ఎడంచేత్తో బీరువా మీదికి విసిరేశాను.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు రాయి గుర్తొచ్చింది. బడి వెనక మామిడితోపులో, చేలకు వెళ్లే దారి పక్కన, పాత వీరగల్లు ఒకటి ఉంది. ఏ కాలం నాటిదో ఊళ్లో ఎవరికీ తెలియదు. దొంగలు ఊరి ఆవుల్ని తోలుకుపోతుంటే అడ్డం వెళ్లి చచ్చిపోయిన మనిషికి ఊరివాళ్లు నిలిపిన రాయి అది. పసుపూ నూనే పట్టి జిడ్డు దేరి ఉంటుంది. ఊళ్లో ఏ ఇంట్లో ఆవు ఈనినా మొదటి జున్నుపాలు ఆ రాయికే. దానికి పోసి వచ్చాకే ఇంట్లో జున్ను వండుకుంటారు. ఆవుల కోసం పోయినవాడికి ఆవులు పెట్టే తద్దినం అని నేను వేళాకోళం చేసేదాన్ని. ఊరివాళ్లు నవ్వి ఊరుకునేవారు గానీ పొయ్యడం మాత్రం ఎవరూ మానలేదు.

మర్నాడు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాను. రాతి మీది బొమ్మను కాగితం మీదికి దించడం కాలేజీలో ఉన్నప్పుడు నేర్చుకున్నాను. రాతి మీది జిడ్డు కడిగి, మందపాటి కాగితాన్ని తడిపి అంటించాలి. బ్రష్షుతో మెత్తగా కొడుతూ ఉంటే కాగితం సందుల్లోకి దిగుతుంది. కాస్త ఆరాక గుడ్డమూటతో నల్లసిరా అద్దాలి. ఎత్తుగా ఉన్నది నల్లబడుతుంది, లోతుగా ఉన్నది తెల్లగా మిగులుతుంది. నేను ఓ రాతి మీద కూర్చుని నోటితోనే చెప్పాను. వాళ్లు కొట్టారు, అద్దారు, ఒకరి మొహానికి ఒకరు పూసుకున్నారు. కాగితం ఊడదీసి ఎండలో పట్టుకున్నప్పుడు మాత్రం అల్లరి ఆగిపోయింది. పుట్టినప్పటినుంచీ పసుపుముద్దగా చూసిన దేవుడికి మీసం ఉందని, మొలలో బాకు ఉందని, కాళ్ల దగ్గర ఆవులున్నాయని వాళ్లు అప్పుడే చూశారు.

వీరగల్లును కింది నుంచి పైకి చదవాలని చెప్పాను. కింది అరలో అతను యుద్ధం చేస్తూ ఉంటాడు. మధ్య అరలో ఇద్దరు దేవకన్యలు అతన్ని చెరో రెక్క పట్టుకుని పైకి తీసుకుపోతూ ఉంటారు. పై అరలో స్వర్గంలో కూర్చుని ఉంటాడు. అంతే కథ.

"ఈ రాయి ఎవరు పెట్టిచ్చినారు మేడం, రాజా?" అని అడిగింది ఒక ఆడపిల్ల.

"రాజుకి ఈ ఊరి ఆవులతో ఏం పని? ఊరోళ్లే పెట్టుకున్నారు."

ఆ పిల్ల సిరా చేతుల్ని గడ్డికి తుడుచుకుంది. "అయితే మా నాయనకి మనమే పెట్టొచ్చు గదా మేడం," అంది.

ఆ ఊళ్లో సైన్యానికి వెళ్లిన మనిషి ఆ పిల్ల తండ్రి ఒక్కడే. ఎక్కడో ఉత్తరాన మంచుకొండల మీద కాపలా ఉండగా, కొన్నేళ్ల కిందట కొండ చరియ మీది మంచు విరిగి వాళ్ల గుడారాల మీద పడింది. కొందరు దొరికారు. అతను దొరకలేదు. అతని బట్టల పెట్టె ఒకటి ఇంటికొచ్చింది. పైవాళ్లు అతన్ని ఏ లెక్కలో వేసుకున్నారో నాకు తెలియదు. అతని భార్య మాత్రం బొట్టు తీయలేదు, తాళి తీయలేదు, కర్మ చేయనివ్వలేదు. రెండావులు పెట్టుకుని, పాలకేంద్రానికి పాలు పోసుకుంటూ ఆ పిల్లను చదివిస్తోంది. శుక్రవారం కాళ్లకు పసుపు రాసుకుని వీధిలోకి వస్తే కొందరు పలకరిస్తారు, కొందరు చూపు తిప్పుకుంటారు. పేరంటానికి పిలవాలో వద్దో తేలక చాలామంది పిలవడమే మానేశారు.

చనిపోయినవాళ్లను గుర్తుపెట్టుకోవడం నేర్పమన్నారు గానీ, చనిపోయాడో లేదో తెలియని మనిషిని ఏం చేసుకోవాలో ఆ ఉత్తర్వులో లేదు.

"మీ అమ్మను అడుగు," అన్నాను.

మర్నాడు వచ్చి, "అడిగినా మేడం. సరే అనింది. పోటో గూడా ఇచ్చింది," అంది. ఫొటోలో అతను టోపీ పెట్టుకుని, నవ్వు ఆపుకుంటున్నట్టు ఉన్నాడు.

పని మొదలైంది. ఊళ్లో మేస్త్రీ మూడు చెక్క చట్రాలు చేసిపెట్టాడు. ఒక్కో చట్రంలో సిమెంటుతో ఒక్కో పలక పోసి, తడిగా ఉండగానే బొమ్మ తీర్చి, ఆరాక మూడూ ఒకదాని మీద ఒకటి నిలబెట్టి సిమెంటుతో అతకాలని మా ఏర్పాటు. కింది పలకలో తండ్రి బొమ్మ ఆ పిల్లే చేసింది, ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు. చేతిలో తుపాకి, చుట్టూ మంచుగుట్టలు. మొహం బాగా రాక చెరిపి చెరిపి మళ్లీ చేసింది. దేవకన్యల దగ్గర పెద్ద గొడవే అయింది. పాత రాతిమీద ఉన్నట్టు చేస్తే బట్టలు చాలవని ఆడపిల్లలు, అట్లే చెయ్యాలని మగపిల్లలు. చివరికి ఇద్దరికీ లంగావోణీలు వేశారు. పై పలకలో అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో సెల్‌ఫోను పెట్టింది ఆ పిల్ల.

"స్వర్గంలో ఫోనేందే?" అని నవ్వారు పక్కవాళ్లు.

"కొండ మింద సిగ్నల్ దొరకలేదని ఎప్పుడూ అంటా ఉండె. ఆడైతే దొరుకుతాది గదా," అంది. నేను ఊరికే కళ్లజోడు తుడుచుకున్నాను. ఎడంచేత్తో అది కూడా సరిగ్గా రాలేదు.

మూడు పలకలూ అతికి వరండాలో నిలబెట్టాక హెడ్మాస్టరుకు ఉత్సాహం వచ్చింది. గేటు పక్కన దిమ్మె కట్టిద్దామన్నాడు, తిరుపతి నుంచి రిటైరైన మిలిటరీ ఆఫీసర్ని ఎవరినైనా పిలుద్దామన్నాడు, రిబ్బను అన్నాడు. నాకు ఏదైనా ఒకటే. ఆ వారమంతా చెయ్యి లోపల దురద, బయట వాన. ఎప్పుడు ఇంటికెళ్లి పడుకుంటానా అని ఉండేది.

పంద్రాగస్టు ఇంకా కొన్నాళ్లుందనగా ఒకరోజు పొద్దున బస్సు దిగి వచ్చేసరికి, వరండా మెట్ల కింద చెప్పులన్నీ కుప్పగా పడి ఉన్నాయి. మా బడిలో పిల్లలు చెప్పులు విప్పగా నేనెప్పుడూ చూడలేదు. పైకెళ్లి చూస్తే మేము చేసిన రాతి నిండా పసుపు, కుంకుమ. మెళ్లో గన్నేరు పూల దండ. పైనుంచి కిందిదాకా చిక్కటి జున్నుపాలు కారి ఉన్నాయి. పిల్లలు వరసలో నిలబడి ఒక్కొక్కరే దండం పెట్టుకుంటున్నారు. వరస చివర మా హెడ్మాస్టరు, బూట్లు విప్పేసి, సాక్సులతో.

రాత్రి ఆ పిల్ల వాళ్లింట్లో ఆవు ఈనింది. తెల్లారి మొదటి జున్ను చెంబులో పట్టి, తోపులో రాయికి పోసి రమ్మని తల్లి పంపితే, ఈ పిల్ల బడికి తెచ్చి తండ్రి రాతి మీద పోసింది. అంతే, నిన్నటిదాకా సిమెంటు దిమ్మెగా ఉన్నది దేవుడైపోయింది. ఆ ఊరి పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. జున్ను పోసిన రాతి ముందు చెప్పులతో నిలబడకూడదని వాళ్లకు నడక వచ్చినప్పటినుంచీ తెలుసు. అది చచ్చి దేవుడైనవాళ్లకే పోస్తారని కూడా తెలుసు. తెలిసి కూడా, పొయ్యడమంటే అతను చచ్చిపోయాడని చెప్పడమేనని ఎవరికీ తట్టలేదు. నాకు మాత్రం ఆ తల్లి నుదుటి బొట్టు గుర్తొచ్చింది.

అనుకున్నంతా అయింది. మొదటి పీరియడు కాకముందే తల్లి వచ్చింది. పేడచేతులు సరిగ్గా కడుక్కున్నట్టు కూడా లేదు. అరవలేదు. రాయి ముందు నిలబడి, పైనుంచి కింది దాకా చూసింది.

"బొమ్మ చేస్తామనింది మేడం. పోటో ఇచ్చి పంపిస్తిని," అంది. "జున్ను ఎవురికి పోస్తారో మీకు తెలీదా?"

"తెలుసమ్మా," అన్నాను.

హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "అట్ల కాదమ్మా, దేశం కోసం ప్రాణాలిచ్చిన వీరుడు..."

"ఎవురు సెప్పినారు సారూ ఇచ్చినాడని? దొరకలేదని సెప్పినారు. దేశం అడిగితే మనిసిని పంపించినాము, లేదనలేదు. సచ్చిపోయినాడని నేను ఎవురికీ సెప్పలేదే."

ఆయన సాక్సుల్లో కాలివేళ్లు ముడుచుకుని అలాగే నిలబడ్డాడు.

పిల్ల స్తంభం వెనక నుంచి బయటికొచ్చింది. ఏడుపూ కోపమూ రెండూ ఉన్నాయి. "ఉంటే యాడుండాడు మా, సెప్పు. పెద్దల పండగకి అందురూ పోయినోళ్లకి బట్టలు పెట్టుకుంటారు, మనం పెట్టము. ఏమంటే నాయన ఉండాడంటావు. ఉండాడు గదా సూపీమంటే సూపీవు. నాకు నిలబడి మొక్కుకునేదానికి ఒక రాయన్నా వద్దా?"

తల్లి వెనక్కి జరిగి మెట్టు మీద కూర్చుంది. నేను అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా నిలబడ్డాను. తల్లిని సమాధానపరిస్తే పిల్లకు రాయి లేకుండా పోతుంది. రాయిని ఉంచితే, రిబ్బను కత్తిరించే రోజున ఊరంతా చూస్తుండగా ఆమె విధవవుతుంది. ఎటు చూసినా నాకే నీరసం వచ్చింది. ఆ తల్లి మొహం చూస్తే మాత్రం, నా అలసట ఒక అలసటేనా అనిపించింది. ఈమె ఇన్నేళ్లూ ప్రతి పొద్దునా అద్దం ముందు నిలబడి ఒక బొట్టు పెట్టుకోవడానికి ఎంత బలం కూడదీసుకుంటుందో.

ఆమె తలెత్తింది. "ఏమేమి చేసినారో సెప్పండి మేడం. నాకు తెలీదు గదా."

కింది నుంచి పైకి చదవాలని చెప్పాను. పిల్లలకు చెప్పిన పాఠమే ఆమెకూ చెప్పాను, కట్టు చెయ్యి మెడలో వేలాడుతుండగా ఎడంచేత్తో చూపిస్తూ.

ఆమె లేచి వచ్చి కింది పలక మీద వేలు పెట్టింది. "ఈడ?"

"ఈడ డ్యూటీలో ఉండాడు."

"ఈడ బతికే ఉండాడా?"

"ఆ. ఈడ బతికే ఉండాడు."

"దీనికి పైన?"

నేను ఎడంచెయ్యి దించేశాను. ఆమె లంగావోణీల కన్యల్ని చూసింది. కుర్చీని, చేతిలో ఫోనును చూసింది. ఫోను దగ్గర చాలాసేపు ఆగింది.

"అయితే ఈడికి ఉండనీండి మేడం. పైరెండూ తీసేయండి."

పైటకొంగు తడుపుకొచ్చి, కింది పలక మీద జున్ను తుడవడం మొదలుపెట్టింది. మొహం తుడిచేటప్పుడు చెయ్యి నెమ్మదించింది. తుడుస్తూ తుడుస్తూనే కూతురితో అంది: "మొక్కుకో మే, నేనొద్దనలేదు. ఈయనకి మొక్కుకో. జున్ను మాత్రం పొయ్యొద్దు. మీ నాయనకి జున్నంటే పడదు. నేను కుండ దించితే వాసనకే లేచి ఈదిలోకి పొయ్యేవోడు. తెలీదా నీకు?"

పిల్లకు తెలియదు. తండ్రి గురించి తనకు తెలిసినవన్నీ ఫొటోలు, బట్టలపెట్టె, ఫోనులో వినబడీ వినబడని గొంతు. "నాకు గూడా పడదు గదా మా," అంది ముక్కు ఎగబీలుస్తూ. "నువ్వు ఎప్పుడూ తిను తిను అని తిడతావు."

"తిట్టనులే," అంది తల్లి.

పలకల మధ్య అతుకు ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. ఉలి, సుత్తి తెచ్చి ఎవరు కొట్టాలా అని చూస్తుంటే ఆ పిల్లే తీసుకుంది. చేసినది విప్పడం చేయడం కంటే కష్టం. మగపిల్లలు చుట్టూ పట్టుకున్నారు. మధ్య పలక దింపుతుంటే ఒక దేవకన్య మోచెయ్యి విరిగింది. నా చెయ్యి చూసి అందరూ నవ్వు ఆపుకున్నారు. ఆ పలకను తీసుకెళ్లి బీరువా మీద అట్టతుపాకుల పక్కన పెట్టారు. పై పలకను పిల్ల ఎవరికీ ఇవ్వలేదు. సాయంత్రం తల్లీకూతుళ్లు దాన్ని గోనెసంచిలో చుట్టి చెరో పక్క పట్టుకుని ఇంటికి తీసుకుపోయారు. దారిలో తోపు దగ్గర ఆగి పాత రాయికి పాలు పోశారట. మొదటి జున్ను అయిపోయింది కదా, రెండో పూటవి. ఆవుల కోసం చచ్చినవాడు, ఆలస్యమైందని కోప్పడడులే అనుకున్నాను.

పంద్రాగస్టు నాటికి నా కట్టు విప్పారు. లోపలి నుంచి ఎండిపోయిన పుల్లలాంటి చెయ్యి బయటపడింది. జెండా తాడు పట్టుకుంటేనే వణికింది. గేటు పక్కన దిమ్మె మీద ఒక్క కింది పలక నిలబడి ఉంది. మోకాలెత్తు కూడా లేదు. పసుపు లేదు, దండ లేదు. హెడ్మాస్టరు రిబ్బను సంగతి తనే మరిచిపోయాడు. తిరుపతి నుంచి వచ్చిన పెద్దాయన సైన్యంలో చాలాకాలం చేసి వచ్చిన మనిషి. పిల్లలు తీసిన పాత వీరగల్లు కాగితం గోడ మీద చూశాడు, వచ్చి ఈ పలక ముందు నిలబడ్డాడు. పైన అతుకు వేసిన గుర్తులు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

"పైభాగం పగిలిపోయిందా మేడం?" అని అడిగాడు.

జనంలో ఆ తల్లి ఉంది, నుదుట బొట్టుతో. చుట్టుపక్కల ఆడవాళ్లు మాటలాపి ఇటే చూస్తున్నారు. నేను నోరు విప్పేలోగా ఆ పిల్ల ముందుకొచ్చింది.

"పగల్లేదు సార్. మా ఇంట్లో ఉండాది," అంది. "మాయమ్మ పెట్టమన్నప్పుడు తెచ్చి పెడతాము. పెట్టమనకపోతే లేదు."